మార్చండ్ లాంటి ఆటగాడి విలువ లెక్కగట్టడం ఎలా?

బోస్టన్‌లో మా ఆఫీసులో ఐస్ హాకీ ఆటగాడు బ్రాడ్ మార్చండ్ పేరెత్తితే చాలు, కొందరు తిడతారు, కొందరు వెనకేసుకొస్తారు. ఇలాంటివాణ్ని అంచనా వేయాలంటే ముందు గొడవల వీడియోలు ఆపేయండి. (2018 ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థి మొహం నాకిన వీడియో ఒక్కసారి చూస్తే చాలు, అసహ్యంగానే ఉంటుంది.)

మొదట గోల్స్, అసిస్టులు (గోల్‌కు పాస్ అందించడం) కలిపి పాయింట్లు చూడండి. 2018-19లో మార్చండ్‌వి సరిగ్గా 100. తర్వాత సస్పెన్షన్లు. 2022లో పిట్స్‌బర్గ్ జట్టు గోల్‌కీపర్‌ని కొట్టినందుకు 6 మ్యాచ్‌లు పోయాయి. అప్పట్లో సీజన్‌కు 82 మ్యాచ్‌లు కాబట్టి అది చిన్న కోత కాదు.

చాలామంది వదిలేసేది పెనాల్టీల లెక్క. మైనర్ పెనాల్టీ (చిన్న తప్పుకు శిక్ష) పడితే జట్టు 2 నిమిషాలు ఒక మనిషి తక్కువతో ఆడాలి. అతను ఆడే ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అవతలి జట్టుకు దొరికే ఇలాంటి ఐదు అవకాశాల్లో సుమారు ఒకటి గోల్ అవుతుంది. అందుకే అతనికి పడిన పెనాల్టీల పక్కనే, అతను రెచ్చగొట్టి అవతలివాళ్లకు పడేలా చేసినవీ రాయండి. రెండూ సమానమైతే ఆ అల్లరి వల్ల జట్టుకు పెద్దగా పోయిందేమీ లేదు. ఫైటింగ్ మేజర్లు (కొట్లాటకు పడే పెద్ద పెనాల్టీలు) ఇందులో కలపొద్దు. కొట్టుకున్న ఇద్దరూ పెనాల్టీ బాక్సులోకి వెళ్తే ఎవరికీ మనిషి తగ్గడు.

ఆఖరున, డబ్బు పెట్టేవాళ్లు ఏం చేశారో చూడండి. 2023లో బోస్టన్ జట్టు బ్రూయిన్స్ అతన్ని కెప్టెన్ చేసింది. 2025 మార్చిలో ఫ్లోరిడా జట్టు తీసుకుంది. జూన్‌లో లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ఫైనల్లో 6 గోల్స్ కొట్టాడు, 37 ఏళ్ల వయసులో! వెంటనే ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆరేళ్లు మాత్రం నాకు ఎక్కువే అనిపించింది.