టైరు మార్చాక బైకు ఎలక్ట్రానిక్స్‌ను సరిచేసుకోవడం ఎలా?

బైకులోని కంప్యూటర్‌కు టైరు కనిపించదు. చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగును సెన్సార్ లెక్కపెడుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారితే ఇంజిన్ శక్తిని తగ్గించే ఏర్పాటు) ఉన్న బైకుల్లో ముందు, వెనక చక్రాల వేగాలను పోల్చి, వెనక చక్రం జారుతోందో లేదో కంప్యూటర్ తేలుస్తుంది. టైరు చుట్టుకొలత మారితే ఈ లెక్క తప్పుతుంది. అందుకే పని టైరు కొనేటప్పుడే మొదలవ్వాలి.

1. ముందు సైజు లెక్క వేయండి. చాలామంది వెడల్పు మాత్రమే చూస్తారు. యమహా ఆర్15 వీ4 వెనక టైరు 140/70-17. ఇందులో 140 మిల్లీమీటర్లు వెడల్పు, దానిలో 70 శాతం, అంటే 98 మిల్లీమీటర్లు, టైరు పక్కగోడ ఎత్తు. దాన్ని రెట్టింపు చేసి 17 అంగుళాల రిమ్ముకు (431.8 మి.మీ.) కలిపితే వ్యాసం 627.8, చుట్టుకొలత సుమారు 1,972 మి.మీ. దీని బదులు 150/60-17 వేస్తే చుట్టుకొలత సుమారు 1,922కి పడిపోతుంది. టైరు లావైంది, చక్రం మాత్రం రెండున్నర శాతం చిన్నదైంది! ఇప్పుడు వెనక చక్రం ఎప్పుడూ కాస్త ఎక్కువ తిరుగుతుంది. కంప్యూటర్ దాన్ని జారడంగా భావించి, అవసరం లేకున్నా ఇంజిన్ శక్తిని తగ్గించవచ్చు. వెనక చుట్టుకొలత పెద్దదైన టైరు వేస్తే ఇంకా ప్రమాదం: నిజంగా జారినప్పుడు ఆలస్యంగా గుర్తిస్తుంది. మామూలు అరుగుదలకు కంపెనీలు కొంత వెసులుబాటు ఇస్తాయి, దాన్ని సైజు మార్పుతో ఖర్చు చేసుకోవద్దు. మీ బైకులో క్యాలిబ్రేషన్ మెనూ (కొత్త టైరు కొలతను కంప్యూటర్‌కు నేర్పే ఏర్పాటు) లేకపోతే కంపెనీ చెప్పిన సైజే వేయించండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

2. షాపులో దగ్గరుండండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) వాడే ఆ పళ్ల రింగు, సెన్సార్ ఎక్కడున్నాయో చక్రం విప్పకముందే చూపించండి. రింగున్న వైపు చక్రాన్ని నేలమీద బోర్లించనివ్వకండి, రింగు కొద్దిగా వంగినా సంకేతం చెడుతుంది. టైరులోపల గాలి పీడనం చూపే సెన్సార్ ఉంటే అది వాల్వు దగ్గరే ఉంటుంది, ఇనుప లివరు దాని మీద పడకూడదు.

3. బిగించాక టైరుమీది బాణం గుర్తు తిరిగే దిశలోనే ఉందో, సెన్సార్ వైరు డిస్కుకు రాసుకోకుండా ఉందో చూడండి. టైరు చల్లగా ఉండగా, కంపెనీ చెప్పినంత గాలి కొట్టించండి. బండి కదిలించేముందు బ్రేకు లివరును, పెడల్‌ను గట్టిబడేదాకా నొక్కుతూ ఉండండి. చక్రం విప్పినప్పుడు ప్యాడ్లు వెనక్కి వెళ్లి ఉంటాయి, మొదటి నొక్కుడుకు బ్రేకు పడకపోవచ్చు.

4. ఇగ్నిషన్ వేయగానే ఏబీఎస్ దీపం వెలగాలి, బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. స్టాండుమీద వెనక చక్రాన్ని మాత్రమే ఇంజిన్‌తో తిప్పితే, ముందుది ఆగి ఉన్నందున దీపం వెలిగి నిలిచిపోవచ్చు. ఇగ్నిషన్ ఆపి, మళ్లీ వేసి, కొద్దిదూరం నడిపితే సాధారణంగా ఆరిపోతుంది. అయినా ఆరకపోతే ఏబీఎస్ పనిచేయడం లేదనే అనుకొని నెమ్మదిగా సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.

5. అప్రిలియా ఆర్ఎస్‌వీ4, డుకాటీ పానిగాలే వీ4 వంటి బైకుల్లో టైరు క్యాలిబ్రేషన్ మెనూలోనే ఉంటుంది. రద్దీలేని, చదునైన, తిన్నని, పొడి రోడ్డును ఎంచుకోండి. మాన్యువల్ చెప్పిన గేరులో, చెప్పిన వేగంతో, యాక్సిలరేటర్ కదపకుండా, బ్రేకు వేయకుండా డ్యాష్‌బోర్డు పూర్తయిందని చెప్పేదాకా నడపండి. మలుపులో చేయకూడదు. బండి వాలితే టైరు అంచు నేలను తాకుతుంది, అక్కడ చుట్టుకొలత తక్కువ. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటినుంచి చేయండి. ముందు టైరు ఒక్కటే మార్చినా ఇది చేయాలి, ఎందుకంటే కొలిచేది రెండు చక్రాల నిష్పత్తిని. చైను తిరిగే పళ్లచక్రాలను (స్ప్రాకెట్లను) వేరే పళ్ల సంఖ్యవాటితో మార్చినా, మాన్యువల్ చెబితే మళ్లీ చేయండి.

6. చివరగా స్పీడోమీటర్. ఫోనును హ్యాండిల్ స్టాండులో బిగించి, ఒకే వేగంతో వెళ్తూ జీపీఎస్ వేగంతో పోల్చండి. స్పీడోమీటర్ కాస్త ఎక్కువ చూపడం సహజం. జీపీఎస్ కంటే తక్కువ చూపితే మాత్రం సైజును మళ్లీ పరిశీలించండి.

కొత్త టైరు మొదటి సుమారు 150 కిలోమీటర్ల వరకు పూర్తి పట్టు ఇవ్వదు. ఏబీఎస్ ఎలా పనిచేస్తోందో చూద్దామని ఆ దూరంలో గట్టిగా బ్రేకు కొట్టవద్దు.