వ్యాన్‌ను ఇల్లుగా మార్చే ముందు

వేసవి రాకముందే తిరుపతి షెడ్లలో వ్యాన్ పని మొదలుపెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

రవాణా శాఖ అనుమతి లేకుండా ఒక్క సీటు కూడా విప్పించకండి. తయారీదారు పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. రేపు ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ చిక్కే.

బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. తీగ ఒరుసుకుని ఇనుముకు తగిలితే మంటే. తీగ దూరే రేకు రంధ్రానికి రబ్బరు వాషర్ వేయక, మా వ్యాన్‌లో నెల తిరిగేసరికి తొడుగు చిరిగి రాగి బయటపడింది.

వంటగ్యాస్ గాలికంటే బరువు. సిలిండర్ పెట్టే అరలో గాలి రంధ్రం అడుగున పెట్టించండి.

100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. ట్యాంకును కిందుగా, ముందు వెనుక చక్రాల మధ్య బిగించండి. పైన బరువుంటే తిరుమల ఘాట్ మలుపుల్లో వ్యాన్ ఒరుగుతుంది.

చెక్కపని కంటే ముందు పైకప్పుకు వేడిని ఆపే పొర వేయించండి. మన ఎండకు రేకు పెనంలా కాలుతుంది.