ఇంటిల్లిపాదీ మారథాన్ – 5వ పాఠం: ఆదివారం లాంగ్ రన్

వారంలో మూడు రోజులు అరగంట చొప్పున తేలిక పరుగు అలవాటయ్యాక లాంగ్ రన్‌కి, అంటే వారానికోసారి ఎక్కువసేపు పరిగెత్తడానికి, రావాలి. ఇంటిల్లిపాదీ కలిసి పరిగెత్తే చోట పేచీ వచ్చేది ఇక్కడే. కొడుకు పక్కనే ఉండాలని తండ్రి శక్తికి మించి పరిగెత్తి మూడో కిలోమీటరుకే రొప్పుతాడు. లేదా తండ్రి కోసం ఆగి ఆగి కొడుక్కి విసుగొస్తుంది. దీనికి మందు ఒకటే: కిలోమీటర్లు పక్కనపెట్టి గడియారం చూసుకోవడం.

అందరూ ఒకేచోట బయల్దేరండి. ఎవరి వేగం వాళ్లదే. సరిగ్గా 40 నిమిషాలకు ఎక్కడున్నవాళ్లు అక్కడే వెనక్కి తిరగాలి. 80 నిమిషాలకు అందరూ మొదలైన చోటే కలుస్తారు. కిలోమీటరుకు 6 నిమిషాలు తీసుకునే కొడుకు మొత్తం 13 కిలోమీటర్ల పైచిలుకు, 8 నిమిషాల తండ్రి 10, నడక–పరుగు కలిపి 10 నిమిషాలు తీసుకునే తల్లి 8 చేసినట్టు.

ఇందులో ఇంకో లాభం ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు అందరికంటే వెనక ఉండేది అందరికంటే వేగంగా పరిగెత్తేవాళ్లే. దారిలో ఎవరికి కాలు పట్టేసినా, కళ్లు తిరిగినా వెనకనుంచి వచ్చే మనిషి కంటపడి తీరతారు. కాబట్టి ఫోను, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఆ మనిషి దగ్గరే పెట్టాలి.

వెళ్లడానికి 40 నిమిషాలు పట్టి, రావడానికి 46 పట్టిందంటే మొదట్లో తొందరపడ్డారన్నమాట. వచ్చే వారం మొదటి పావుగంట వేగం బాగా తగ్గించుకోవాలి. పరిగెడుతూ రెండు మూడు పూర్తి వాక్యాలు ఆయాసపడకుండా చెప్పగలగాలి, అదే సరైన వేగం. నడక–పరుగు చేసేవాళ్లు 3 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక మొదటినుంచే పాటించాలి. అలసిపోయాక నడుద్దాంలే అనుకుంటే, నడిచిన తర్వాత మళ్లీ పరుగందుకోవడం కష్టం.

దారి విషయానికొస్తే, విజయవాడ వాళ్లకు ప్రకాశం బ్యారేజి అటు చివర సీతానగరం నుంచి ఉండవల్లి మీదుగా వెళ్లే కరకట్ట రోడ్డు ఉంది. రోడ్డు ఇరుకు, కార్లు దూసుకొస్తాయి. కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా, ఒకరి వెనక ఒకరు పరిగెత్తాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆరు దాటితేగాని తెల్లవారదు. ఐదున్నరకు బయల్దేరితే తలకు లైటు, ఒంటిమీద మెరిసే పట్టీ ఉండాల్సిందే. గుంటూరులో స్టేడియం చుట్టూ తిరిగేవాళ్లకు 40 నిమిషాలకు వెనక్కి తిరిగే లెక్క అక్కర్లేదు, అందరూ కళ్లెదుటే ఉంటారు. కాకపోతే వంపుల్లో భారమంతా ఒకే పక్కకు పడి మోకాలు నొప్పెట్టకుండా 20 నిమిషాలకోసారి తిరిగే దిశ మార్చాలి.

మన కోస్తా ఉక్కలో చెమట ఆరదు, కారుతుంది. ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అందుకే చలికాలంలో కూడా చొక్కా పిండితే నీళ్లొస్తాయి. ఎవరికెంత చెమట పోతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పరుగుకి ముందు, తర్వాత తడి బట్టలు విప్పి బరువు చూసుకోండి. 68 కిలోలున్న మనిషి 67.1కి దిగి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే, పోయింది సుమారు 1.2 లీటర్లు. అదంతా పరిగెడుతూనే భర్తీ చేయబోవద్దు. దాహానికి తగ్గట్టు గుక్కెడు గుక్కెడు చాలు. తిరిగొచ్చాక బరువు పెరిగిందంటే మాత్రం ప్రమాదం: ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. గంట దాటే పరుగుకి ఓఆర్‌ఎస్ మేలు. ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, రుచి కోసం చక్కెర వేయొద్దు. ఇల్లు చేరాక ఉప్పేసిన మజ్జిగ భేషుగ్గా పనిచేస్తుంది.

బయల్దేరే అరగంట ముందు ఒక అరటిపండు చాలు. పెసరట్టు ఉప్మా తిరిగొచ్చాకే. శనివారం రాత్రి గొడ్డుకారం జోలికి పోకపోతే ఆదివారం పొద్దున కడుపు సుఖంగా ఉంటుంది. గుంటూరు జిల్లాలో ఈ మాట చెప్పడానికి కాస్త ధైర్యం కావాలి!

ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లు షుగర్ చూసుకోకుండా బయల్దేరకూడదు. 100 కంటే తక్కువుంటే ముందు ఏదైనా తినాలి, జేబులో గ్లూకోజు పొడి ఉండాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. పిల్లలు సైకిలు మీద సీసాలు మోస్తూ తోడు రావచ్చు, లాంగ్ రన్ వాళ్లకొద్దు.

వారానికి వెళ్లేటప్పుడు 5, వచ్చేటప్పుడు 5 నిమిషాలు పెంచండి. ప్రతి నాలుగో వారం మూడోవంతు తగ్గించాలి, ఎముకలు, కండరాలు తేరుకునేది ఆ వారంలోనే. మూడు గంటలు దాటించొద్దు.

ఎవరు ఏ రేసుకన్నది ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. ఫుల్ మారథాన్ 42.195 కిలోమీటర్లు ఆరు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు మించకూడదు. 10 నిమిషాల వేగంలో ఉన్నవాళ్లకు ఏడు గంటలు పడుతుంది, అప్పటికి ఎండ నడినెత్తికొస్తుంది. వాళ్లకు ఈ సీజనుకు 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథానే సరైనది. ఈ ఆదివారం 80 నిమిషాల పరుగు చేసి, వెళ్లిన టైము, వచ్చిన టైము, ముందు బరువు, తర్వాత బరువు, తాగిన నీళ్లు ఒక్కొక్కరి పేరు మీద రాసిపెట్టుకోండి. ఆరో పాఠంలో బూట్లు, కాలి బొబ్బలు.