వానల ముందు పూలకొమ్మలు నాటేవారికి జాగ్రత్తలు

మృగశిర కార్తె రాగానే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు పెరళ్లలో మందార, నందివర్ధనం, గన్నేరు కొమ్మలు విరిచి నేలలో గుచ్చేస్తారు. వానే బతికిస్తుందని ధీమా. కానీ ఈ కాలంలో కొమ్మలు ఎండిపోయేవి తక్కువ, కుళ్లిపోయేవే ఎక్కువ. నీరు నిలిస్తే కోసిన చోటికి గాలి అందదు, బూజు చేరుతుంది, బెరడు నల్లబడి ఊడిపోతుంది. అందుకే ముసురు పట్టకముందే అన్నీ సిద్ధం చేసుకోవాలి.

ముందు ఇసక. వంశధార నదిదైనా, మహేంద్రతనయ నదిదైనా నీళ్లు తేటపడేదాకా కడిగి ఎండబెట్టండి. 2 పాళ్లు ఇసకకు 1 పాలు కొబ్బరిపొట్టు చాలు. పచ్చి గెత్తం (పేడ ఎరువు) కలపొద్దు; మాగేటప్పుడు వేడి పుడుతుంది, చెదలు కూడా చేరతాయి. ఉత్త ఎర్రమట్టి వానకు బిగుసుకుపోయి నీటిని దిగనివ్వదు. ఈ మిశ్రమం నింపే నల్ల ప్లాస్టిక్ సంచులకు అడుగున కన్నాలున్నాయో లేదో చూసి ఇటుకల మీద పేర్చండి. చూరు నీళ్లు పడే చోట మాత్రం వద్దు. పాత ఇటుకలు కదిపేటప్పుడు చేయి జాగ్రత్త, సందుల్లో తేళ్లుంటాయి.

ఆకుల మీద పసుపు మచ్చలున్న మొక్క నుంచీ, పిండినల్లి పట్టిన కొమ్మ నుంచీ ముక్క తీయకండి, తెగులు కూడా వెంట వస్తుంది. మరీ లేతది కుళ్లుతుంది, మరీ ముదురుది వేరుపట్టడానికి చాలా రోజులు తీసుకుంటుంది. వంచితే టప్పున విరిగే, పెన్సిలంత లావు కొమ్మను పొద్దున్నే కోయండి. కత్తెరను స్పిరిటుతో తుడవడం మరవొద్దు. పొడవు 6 అంగుళాలు, కణుపులు 3 లేదా 4. కింద కణుపుకు ఆనుకుని ఏటవాలుగా, పైన కణుపుకు సెంటీమీటరు ఎత్తున అడ్డంగా కోస్తే ఏది మొదలో ఏది కొసో తికమక ఉండదు. మొగ్గలన్నీ తుంచేసి, పైన రెండు ఆకులుంచి, పెద్దవైతే సగానికి కత్తిరించండి.

గన్నేరు విషయంలో అశ్రద్ధ అస్సలు పనికిరాదు. మొక్కంతా విషమే. చేతి తొడుగులు వేసుకోండి, కోస్తే కారే పాలు కంట్లో పడనీయకండి. మిగిలిన ముక్కలు మేకలకు, ఆవులకు అందేలా పారేయొద్దు, పొయ్యిలోనూ పెట్టొద్దు, పొగ కూడా ప్రమాదమే.

పాలు కారే ముక్కల్ని కడిగి, కారడం ఆగనివ్వండి. లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ అనే బూజుమందు కలిపి ముక్కల మొదళ్లను 10 నిమిషాలు ముంచి ఆరనివ్వాలి. వేళ్లు పుట్టించే హార్మోను పొడి కింది సెంటీమీటరుకే అద్ది, ఎక్కువైంది తట్టేయండి. ఎక్కువైతే మొదలు మాడుతుంది. సంచిలో ముందు పుల్లతో కన్నం చేయాలి, లేదంటే పొడంతా రాలిపోతుంది. 2 కణుపులు లోపలికి దించి చుట్టూ అదమండి. పైన పాలిథీన్ కప్పితే నీడలోనే ఉంచాలి, ఎండ తగిలితే ముక్కలు ఉడికిపోతాయి. రోజూ కాసేపు తీసి గాలి ఆడనివ్వండి. ఇసక పిడికిట పిసికితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు.

రెండు వారాలకు చిగురు కనిపిస్తుంది. అది కొమ్మలో దాగిన ఆహారంతో వచ్చిన చిగురు, కింద వేరు ఇంకా ఉండకపోవచ్చు. చూద్దామని పీకారా, అప్పుడే పుడుతున్న తెల్లటి వేళ్లు పుటుక్కున తెగుతాయి. కాగితపు పూల వేళ్లయితే మరీ పెళుసు, అందుకే సంచికి ఒక్కటే నాటి, తరువాత మట్టి చెదరకుండా సంచిని కోసి దించాలి. మందారకు 4 నుంచి 6 వారాలు పడుతుంది. కన్నాల్లో వేరు కనబడేదాకా ఆగండి. మధ్యలో ఏ ముక్కైనా నల్లబడితే సంచితో సహా తీసేసి, పక్కవాటికి లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (ఇదీ బూజుమందే) ద్రావణం పోయండి.

వేరొచ్చాక కప్పు ఒక్కసారిగా తీసేయకండి, వారం పాటు కొద్దికొద్దిగా ఎక్కువసేపు తెరిచి ఉంచండి. వాన తెరిపిచ్చిన రోజు చూసి, ఆగస్టు చివరికల్లా నేలలో నాటి కర్ర ఊతం కట్టండి. ఇక్కడ అక్టోబరంటే తుపాన్ల నెల. 2018లో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ముంచింది ఆ నెలలోనే. అప్పటికి వేరు సరిగా పట్టని మొక్కల్ని సంచుల్లోనే ఉంచి, గాలి తగలని గోడవారకు చేర్చండి.