మండల పోటీలకు ముందు: బడి అథ్లెటిక్స్ జట్టుకు జాగ్రత్తలు

మన తిరుపతి వైపు బడుల్లో అథ్లెటిక్స్ సీజన్ దాదాపు ప్రతి ఏడాదీ ఒకే తీరుగా మొదలవుతుంది. జూన్‌లో బడి తెరుస్తారు. అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, పంద్రాగస్టు పరేడ్ హడావిడిలో మైదానం సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత ఒకరోజు మండల పోటీల తేదీ వాట్సాప్‌లో వచ్చి పడుతుంది. పది రోజులే ఉన్నాయని పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట బిడ్డలను పరిగెత్తించడం మొదలుపెడతాం. నా అనుభవంలో పిల్లలకు తగిలే దెబ్బలు పోటీ రోజుకంటే ఈ పది రోజుల్లోనే ఎక్కువ. పోటీలో పట్టేసే తొడ కండరం కూడా చాలాసార్లు ఈ తొందరలో అలిసిపోయినదే.

అందుకని మొదటి జాగ్రత్త క్యాలెండర్‌తోనే మొదలవ్వాలి. తేదీ తెలిసేదాకా ఆగొద్దు. జూలై మొదటి వారం నుంచే వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట తేలికపాటి పరుగు, గెంతులు, సాగదీసే వ్యాయామాలు పెట్టండి. ఆగస్టుకల్లా బిడ్డ ఒంట్లో కొంత తయారీ ఉంటుంది. వేగం పెంచేది ఆ తర్వాతే. దూరాన్ని, వేగాన్ని ఒకే వారంలో పెంచొద్దు. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. ఆ రోజు కబడ్డీ జట్టులోకి కూడా లాగకూడదు. చురుకైన పిల్లాడు కనిపిస్తే పీఈటీ సార్లందరికీ వాడే కావాలి, ఈ విషయంలో సార్లు తమలో తాము మాట్లాడుకోవాలి.

వాడికి ఎన్ని ఈవెంట్లు రాయాలన్నదీ ఇక్కడే ఆలోచించాలి. వంద మీటర్లు, రెండు వందలు, లాంగ్ జంప్, మళ్లీ సాయంత్రం రిలే. బడికి పాయింట్లు వస్తాయని ఒకే బిడ్డ మీద ఇన్ని మోపుతాం. మండల స్థాయిలో హీట్స్ (తొలి రౌండ్లు), ఫైనల్స్ ఒకే రోజు అయిపోతాయి కాబట్టి ఆ పిల్లాడు ఒక్క రోజులో ఆరేడు సార్లు పూర్తి వేగంతో పరిగెత్తాల్సి వస్తుంది. అండర్ 14 పిల్లలకు రెండు ఈవెంట్లు, ఒక రిలే చాలు. నిబంధనలు ఇంకా ఎక్కువకు ఒప్పుకున్నా నేను మాత్రం అంతకు మించి రాయను.

నొప్పిని ఎలా చూడాలి

పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య బిడ్డలు గబగబా పొడుగవుతారు. ఆ వయసులో మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి, తాకితే నొప్పి పెట్టడం మామూలుగా కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. గెంతులు తగ్గిస్తే చాలామందికి అదే సర్దుకుంటుంది. కానీ కాలి ముందు ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట సూది గుచ్చినట్టు నొప్పి ఉండి, పరిగెత్తే కొద్దీ పెరుగుతుంటే అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. పరుగు ఆపించి డాక్టరుకు చూపించాలి. నొప్పి బిళ్ల మింగించి పోటీకి దించడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. బిళ్ల నొప్పిని దాచిపెడుతుంది, పగులు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ పుత్తూరు కట్టు గురించి చెప్పక తప్పదు. ఎముక విరిగితే పుత్తూరుకు పోదామనే మాట మన ఇళ్లల్లో ముందుగా వస్తుంది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. అయితే ఎదిగే బిడ్డల ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. దానికి దెబ్బ తగిలి సరిగ్గా కుదురుకోకపోతే ఆ కాలో చెయ్యో పొట్టిగానో వంకరగానో పెరిగే ప్రమాదం ఉంది. అందువల్ల ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకు చూపించండి. తిరుపతిలో రుయా ఉంది, ఎముకల వైద్యానికే ప్రత్యేకంగా టీటీడీ నడిపే బర్డ్ ఉంది. తల్లిదండ్రులకు ఈ మాట దెబ్బ తగిలిన రోజున కాదు, సీజన్ మొదట్లో జరిగే మీటింగులోనే చెప్పి ఉంచాలి.

అలిపిరి మెట్లు ఎక్కితే స్టామినా వస్తుందని పిల్లలను పంపేవాళ్లూ ఉన్నారు. 3,550 మెట్లు ఎక్కడం కంటే దిగడమే లేత మోకాళ్లకు ఎక్కువ బరువు. పైగా అది భక్తులు నడిచే దారి, పరుగు ప్రాక్టీసుకు చోటు కాదు. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక ఆ దారిలో పిల్లల నడకకు టీటీడీ వేళలు కూడా పెట్టింది. మెట్ల వ్యాయామం కావాలంటే స్టేడియం గ్యాలరీలో పది మెట్లు చాలు.

ఎండ

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తిరుపతి ఎండను చాలామంది తక్కువ అంచనా వేస్తారు. మే నెల అంత మంట ఉండదు, కానీ గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆ వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి వారంలో ప్రాక్టీసు ఉదయం ఎనిమిది లోపే ముగించండి. సాయంత్రం అయిదు దాటాకే మైదానంలోకి దించండి.

దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకు కొన్ని గుక్కలు తాగించాలి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ మన పిల్లలకు అలవాటైనది, మంచిది. ఎక్కువసేపు చెమటోడ్చిన రోజు ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. చెంచా అంటే టీ స్పూనే. ఓఆర్‌ఎస్ అని పేరులో పెట్టుకుని అమ్మే తీపి డ్రింకులు వేరు. అలా పేరు వాడకూడదని ఫుడ్ సేఫ్టీ సంస్థ 2025 అక్టోబరులో ఆదేశాలిచ్చింది. కొనేముందు డబ్బా మీద రాసింది చదవండి.

పరిగెత్తే బిడ్డ తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, వాంతి చేసుకుని నీరసపడినా అది మామూలు అలసట అనుకోవద్దు. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే మెదడు, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అప్పుడు 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపే చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడకు తీసుకెళ్లి, బూట్లు, పై బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు గుడ్డలో చుట్టి పెట్టాలి. పెద్ద తొట్టిలో చన్నీళ్లుంటే మెడ దాకా కూర్చోబెట్టి, తల పైకి పట్టుకుని ఉండటం అన్నిటికంటే మంచిది. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకూడదు. ప్రాక్టీసు రోజైనా, పోటీ రోజైనా మైదానం పక్కన నిండుగా రెండు బకెట్ల నీళ్లు, ఐసు పెట్టె, తువ్వాళ్లు ఉండాల్సిందే.

వాన, పిడుగు, పాము

జిల్లా, రాష్ట్ర పోటీలు జరిగే వేళకు ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానల కాలం. మెరుపు కనిపించాక ఉరుము ముప్పై సెకన్లలోపు వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ఆట ఆపి అందరినీ పక్కా భవనంలోకి పంపాలి. చెట్టు కిందకు, షామియానా కిందకు పంపొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాటేదాకా మైదానంలోకి రాకూడదు. ఫైనల్ మిగిలి ఉంది, అయిదు నిమిషాల్లో అయిపోతుందని ఎవరైనా అంటే గట్టిగా కాదనే మనిషి ఒకరుండాలి. ఆ బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి. పిడుగు హెచ్చరికలకు ‘దామిని’ యాప్ ఉంది, ఫోన్లో పెట్టుకోండి.

వానల తర్వాత బడి మైదానంలో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. కోయించకుండా పిల్లలను దించొద్దు. పాము కరిస్తే గుడ్డతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, బిడ్డను నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది. ఒట్టి కాళ్లతో పరిగెత్తే పిల్లలున్న బళ్లలో పల్లేరు కాయలు, గాజు ముక్కలు ఏరించాలి. పదేళ్లకు, పదహారేళ్లకు వేసే ధనుర్వాతం టీకా పడిందో లేదో అడిగి తెలుసుకోండి.

జ్వరమొచ్చిన బిడ్డ విషయంలో ఒక్క మాట. ఆ కాలంలో డెంగీ ఎక్కువ. జ్వరంతో పరిగెత్తితే గుండె కండరానికి కూడా ముప్పు రావచ్చు. జ్వరం తగ్గి, ఒంట్లో బలం వచ్చేదాకా మైదానంలోకి దించొద్దు, సెలక్షన్ పోయినా ఫర్వాలేదు.

విసిరే ఈవెంట్లు

2019 అక్టోబరులో కేరళలోని పాలాలో రాష్ట్ర జూనియర్ మీట్ జరుగుతుండగా, జావెలిన్ దగ్గర వాలంటీరుగా ఉన్న ఒక విద్యార్థికి హ్యామర్ (తీగకు కట్టి విసిరే ఇనుప గుండు) వచ్చి తలకు తగిలింది. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి ఆ అబ్బాయి చనిపోయాడు. రెండు విసిరే ఈవెంట్లు పక్కపక్కన ఒకే సమయంలో నడిపితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు. మన మండల పోటీల్లో ఒకే మైదానంలో ఓ మూల డిస్కస్, మరో మూల జావెలిన్, మధ్యలో పరుగు పందేలు నడుస్తుంటాయి. టైమ్ చాలదంటారు. టైమ్ చాలకపోతే ఈవెంటును మరుసటి రోజుకు మార్చండి.

ప్రాక్టీసులోనూ ఇవే కట్టుబాట్లు. అందరూ విసరడం అయ్యాక, సార్ చెప్పాకే, నడుచుకుంటూ వెళ్లి తెచ్చుకోవాలి. విసిరి వెనక్కి ఇచ్చేయడం ఉండకూడదు. జావెలిన్‌ను నిటారుగా పట్టుకుని నడవాలి. నేలలో గుచ్చుకున్నదాన్ని తీసేటప్పుడు వెనక ఎవరూ లేరని చూసుకోవాలి. వాన తడికి డిస్కస్ చేతిలోంచి జారి పక్కకు పోతుంది, గుడ్డతో తుడిచి ఇవ్వండి. వయసుకు మించిన బరువున్న షాట్‌పుట్ గుండు ఇచ్చి భుజం పాడుచేయొద్దు.

లాంగ్ జంప్ గుంతను ప్రతి ప్రాక్టీసుకు ముందు పారతో తిరగదోడాలి. వానకు తడిసి గట్టిపడిన ఇసుక చీలమండలను విరిచేస్తుంది. తిరగదోడితే రాళ్లు, సీసా పెంకులు కూడా బయటపడతాయి. పని అయ్యాక పారను, దంతెను గుంత పక్కన వదలొద్దు. హై జంప్‌కు ఫోమ్ బెడ్ లేకపోతే వెల్లకిలా దూకే పద్ధతి నేర్పకండి, మెడ ప్రమాదంలో పడుతుంది. హర్డిల్స్‌ను వెనక వైపు నుంచి దాటించకూడదు, అటునుంచి తగిలితే అవి పడవు, బిడ్డే పడుతుంది.

ఆడపిల్లల గురించి

జట్టులో ఒక్క ఆడపిల్ల ఉన్నా వెంట ఒక మేడమ్ ఉండాలి. ప్రాక్టీసుకైనా, ప్రయాణానికైనా, రాత్రి బసకైనా ఇందులో మినహాయింపు లేదు. ఫిజియో పేరుతో, మసాజ్ పేరుతో ఎవరూ బిడ్డను ఒంటరిగా గదిలోకి పిలవకూడదు. బిడ్డకు ఇబ్బంది అనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని ఆ పిల్లలకే చెప్పి ఉంచండి. ఇలాంటి సంగతి ఎవరైనా చెబితే జట్టు పరువు గురించి ఆలోచించొద్దు, ముందు బిడ్డ మాట నమ్మండి.

నెలసరి వచ్చిన రోజు పరిగెత్తడం తప్పేమీ కాదు, నొప్పి ఎక్కువగా ఉంటే ఆగడమూ తప్పు కాదు. అది ఆ పిల్ల ఇష్టం. మేడమ్ సంచిలో ప్యాడ్లు ఉండాలి, బట్టలు మార్చుకునే గది ఎక్కడుందో మైదానం చేరగానే చూసిపెట్టాలి. ప్రాక్టీసు పెరిగాక మూడు నెలలపాటు నెలసరి రాకపోతే తిండి చాలడం లేదనే అనుమానించి డాక్టరుకు చూపించాలి. త్వరగా ఆయాసపడే పిల్లలకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. బడిలో ఇచ్చే ఐరన్ బిళ్లలు పక్కన పడేయకుండా చూడాలి. రాగి సంగటి, గుడ్డు, చెనక్కాయల చిక్కీ మన ఇళ్లల్లో ఉన్నవే.

అడగాల్సిన ప్రశ్నలు

జట్టు ఎంపికయ్యాక ఇంటివాళ్లను మూడు సంగతులు అడగండి. పరిగెత్తుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా? ఛాతీలో నొప్పి వచ్చిందా? ఇంట్లో ఎవరైనా యాభై ఏళ్లలోపు ఉన్నట్టుండి చనిపోయారా? ఒక్కదానికి అవునన్నా గుండె డాక్టరు చూసి, ఈసీజీ తీసి, సరేనన్నాకే పరుగు. ఆయాసం, ఫిట్స్ ఉన్నవాళ్ల పేర్లు, మందులు సార్ దగ్గర రాసి ఉండాలి. పీఈటీలు గుండె నొక్కే పద్ధతి నేర్చుకుని తీరాలి. కుప్పకూలిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే ఛాతీ మధ్యలో సుమారు 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సాయం వచ్చేదాకా నొక్కాలి. జిమ్ముల్లో అమ్మే పొడులు, ఊరూ పేరూ లేని ఇంజెక్షన్లు బడి పిల్లల దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

ప్రయాణం, పోటీ రోజు

పోటీ అయ్యాక రాత్రికి రాత్రే ఇల్లు చేరాలనే తొందర ప్రమాదం. మదనపల్లె దారిలో భాకరాపేట కనుమ, పలమనేరు దారిలో మొగిలి ఘాట్ రాత్రిపూట దాటాల్సిన దారులు కావు. 2022 మార్చిలో పెళ్లి బృందం బస్సు భాకరాపేట కనుమలో లోయలో పడింది రాత్రివేళే. అలాంటి దూరాలైతే బస ఏర్పాటు చేసుకుని తెల్లవారాక బయలుదేరండి. ఆటోలో పదిహేను మందిని ఎక్కించొద్దు. పొద్దున్నుంచి ఎండలో నిలబడిన సార్ బండి నడపొద్దు.

పోటీ ముందు రోజు కొత్త తిండి, కొత్త బూట్లు రెండూ వద్దు. మొదటి ఈవెంటుకు రెండు, మూడు గంటల ముందు ఇడ్లీ లాంటిది తినాలి. మధ్యలో అరటిపండు చాలు. స్పైక్స్ మొలలు సింథటిక్ ట్రాక్ మీద పరుగుకు 9 మిల్లీమీటర్లు మించకూడదు, మట్టి ట్రాక్‌కు వేరే ఉంటాయి, రెండు రకాలూ తీసుకెళ్లండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, హెడ్మాస్టరు సంతకం పెట్టిన ఎంట్రీ ఫారం జిరాక్సులతో సహా ఒకే ఫైల్లో ఉండాలి. వయసు తక్కువ చూపించి అండర్ 14లో దింపితే ఆ పిల్లాడే కాదు, వాడి పక్కన పరిగెత్తిన చిన్నపిల్లాడు కూడా నష్టపోతాడు. జిల్లాకు ఎంపికైన బిడ్డలకు రెండు రోజులు పరుగు ఆపించి, నొప్పి ఎక్కడుందో ఒక్కొక్కరిని విడిగా అడిగి, ఆ తర్వాతే కొత్త ప్రాక్టీసు షెడ్యూలు రాయండి.