మూడు బోర్డుల్లో ఏది చవక? భిన్నం, దశాంశం, శాతం మార్చి పోల్చడం ఎలా

పోయిన తమిళ ఆడి నెలలో మా పెద్దమ్మ ఊరి నుంచి చెన్నై వచ్చింది. ఆడి అంటే తెలిసిందేగా, టి.నగర్ నిండా తళ్లుబడి (తగ్గింపు) బోర్డులే. పక్కపక్కనే మూడు కొట్లు. ఒకదాని మీద '35% తగ్గింపు', రెండోదాని మీద 'రెండు కొంటే ఒకటి ఉచితం', మూడోదాని మీద '20% + 20%'. మూడింట్లోనూ చీర 1,200 రూపాయలే. "ఏది చవకే?" అంది పెద్దమ్మ. 20కి 20 కలిపితే 40 కదా అని ఠక్కున మూడోది అనేశాను. జవాబు ఒప్పే, లెక్క మాత్రం తప్పు. ఎక్కడ తప్పిందో చూడాలంటే ముందు మార్చడం రావాలి.

నిజానికి ఈ లెక్క మనకు కొత్త కాదు. రూపాయికి పదహారు అణాలు, అందుకే 'పదహారణాల తెలుగు' అంటే నూటికి నూరుపాళ్లు తెలుగు. పావలా అంటే నాలుగణాలు, 4/16, అంటే 1/4. అదే 0.25 రూపాయి, అదే 25 శాతం. బేడ రెండణాలు, 1/8, వందలో పన్నెండున్నర. 1957 ఏప్రిల్‌లో రూపాయిని వంద నయాపైసలు చేసినప్పుడు దేశమంతా ఈ మార్పిడే చేసింది. అణా అసలు లెక్కకు 6.25 పైసలు. పావు పైసా ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని సరిపెట్టారు. ఇప్పుడు చెన్నైలో కూరగాయల బండి దగ్గర 'కాల్ కిలో' (తమిళంలో పావు కిలో) అడిగితే కాటా మీద 0.250 కనిపిస్తుంది. నోట్లో భిన్నం, కాటాలో దశాంశం.

ఇక మార్చే పద్ధతి.

భిన్నం నుంచి దశాంశం. పైనున్న లవాన్ని కిందున్న హారంతో భాగించండి. 3/8 తీసుకుందాం. 3లో 8 పోదు, కాబట్టి సున్నా, బిందువు. 30లో 8 మూడుసార్లు, మిగిలింది 6. 60లో ఏడుసార్లు, మిగిలింది 4. 40లో అయిదుసార్లు, శేషం లేదు. జవాబు 0.375. అన్నీ ఇలా తెగవు. 1/3 చేస్తే 0.333 అని సాగుతూనే ఉంటుంది. భిన్నాన్ని పూర్తిగా కొట్టేశాక హారంలో 2, 5 తప్ప ఇంకే ప్రధాన కారణాంకం ఉన్నా అంతే. రెండు మూడు స్థానాల దగ్గర ఆపేస్తే రోజువారీ పనులకు చాలు.

దశాంశం నుంచి శాతం. బిందువును రెండు స్థానాలు కుడికి జరపండి. 0.375 అంటే 37.5%. వెనక్కి రావాలంటే రెండు స్థానాలు ఎడమకి. 8% అంటే 0.08, 0.8 కాదు. ఎక్కువమంది జారేది ఇక్కడే. 0.5% చూసి సగం అనుకునేవాళ్లూ ఉన్నారు. అది రెండు వందల్లో ఒకటి.

శాతం నుంచి భిన్నం. 100 మీద వేసి కొట్టేయండి. 65/100ని 5తో కొట్టేస్తే 13/20.

పోల్చేటప్పుడు అన్నిటినీ ఒకే రూపంలోకి తేవాలి. నాకైతే శాతమే సుఖం. 5/8, 0.7, 68% ఉన్నాయనుకోండి: 62.5, 70, 68. పెద్దది 0.7. పిల్లలు 0.65 పెద్దది, 0.7 చిన్నది అంటుంటారు. తప్పు వాళ్లది కాదు, 'సున్నా పాయింట్ అరవై అయిదు' అని చదివే మనది. 'పాయింట్ ఆరు అయిదు' అని చదివించండి, 0.7ని 0.70 అని రాయించండి. రెండు భిన్నాలే ఉంటే భాగహారం కూడా అక్కర్లేదు, అడ్డంగా గుణిస్తే చాలు. 5/8, 7/11లో 5×11 = 55, 7×8 = 56. రెండోదే పెద్దది.

ఇప్పుడు బోర్డుల దగ్గరికి. మొదటి కొట్లో తగ్గింపు 35%. రెండో కొట్లో మూడు చీరలకి రెండింటి డబ్బే ఇస్తాం, తగ్గేది 1/3, అంటే 33.33%. మూడో కొట్లో రెండో 20% మొత్తం ధర మీద కాదు, అప్పటికే తగ్గిన ధర మీద. 0.8 × 0.8 = 0.64, మనం కట్టేది 64%, తగ్గింది 36%. మూడు చీరలకి వరుసగా 2,340, 2,400, 2,304 రూపాయలు. మా పెద్దమ్మకి కావలసింది ఒక్క చీరే. అలాగైతే రెండో కొట్లో తగ్గింపే లేదు, 1,200 కట్టాల్సిందే. మొదటి దాంట్లో 780, మూడో దాంట్లో 768. ఆ 12 రూపాయల కోసం మూడో కొట్టు క్యూలో నిలబడమంది.

టి.నగర్‌లోనే పానగల్ పార్కు చుట్టుపక్కల నగల కొట్లలోనూ ఇదే లెక్క, కాకపోతే వందకి బదులు వెయ్యి. 22 క్యారెట్లంటే 24 పాళ్లలో 22. భాగిస్తే 0.9166. నగ మీద 916 ముద్ర అదే: వెయ్యి పాళ్లలో 916, అంటే 91.6%. పది గ్రాముల గొలుసులో మేలిమి బంగారం 9.16 గ్రాములన్నమాట. 18 క్యారెట్లకి సరిగ్గా 750. 14 క్యారెట్లకి లెక్క ప్రకారం 583 రావాలి, ముద్ర మాత్రం 585, కాస్త ఎక్కువే.

వడ్డీల్లో ఇంకో మెలిక ఉంది. మనవాళ్లు చెప్పే 'రూపాయిన్నర వడ్డీ' నెలకి నూటికి 1.5. బ్యాంకు చెప్పే 14% ఏడాదికి. చూడ్డానికి 1.5 ఎంతో చిన్నది. పన్నెండుతో గుణిస్తే 18%. పావలా వడ్డీ అయితే 0.25 × 12, ఏడాదికి 3%.