గొర్రెపిల్లలు చిన్నగా పుడుతున్నాయా? ముందు తల్లి నడుము తడిమి చూడండి

పిల్ల బక్కగా పుట్టింది, లేచి పొదుగు అందుకోలేకపోతోంది, నెల దాటినా ఎదుగు లేదు అని చెప్పినవాళ్లను నేను అడిగేది ఒక్కటే: సూడిమీద ఉన్నప్పుడు తల్లి నడుము తడిమారా? చాలామంది తడమరు, పొట్ట చూసి సరిపెట్టుకుంటారు. పొట్ట గుండ్రంగా ఉంటే లోపల మేత, పిల్ల ఉన్నట్టే గానీ ఒంట్లో కండ ఉన్నట్టు కాదు. చివరి పక్కటెముక వెనక, వెన్ను మీద వేళ్లతో నొక్కండి. ఎముకల కొనలు చురుక్కున గుచ్చుకుంటే గొర్రె చిక్కినట్టే. గట్టిగా నొక్కితేనే తగలాలి. 1 నుంచి 5 వరకు వేసే ఒంటి స్కోరులో అది దాదాపు 3.

పిల్ల చిన్నది, తల్లికి పాలూ తక్కువ

చివరి 6 వారాల్లో మేత చాలలేదు. సూడికాలం సుమారు 147 రోజులైతే, పిల్ల బరువులో దాదాపు 70 శాతం ఈ చివర్లోనే వస్తుంది. సరిగ్గా అప్పుడే పెరిగిన గర్భం పెద్దపొట్టను నొక్కేసి, తినగలిగే మేత తగ్గిపోతుంది. ఎండుగడ్డి ఎంత వేసినా లాభం లేదు. మంచి మేతకు తోడు దాణా కొద్దికొద్దిగా పెంచుతూ రోజుకు రెండు పూటలా పెట్టండి. స్కానింగ్‌లో జంట పిల్లలని తెలిస్తే ఆ గొర్రెలను వేరుచేసి మేపండి.

చివర్లో బాగా మేపినా పిల్లలు చిన్నవే

నన్ను దెబ్బకొట్టింది ఇదే. ఒక ఏడాది, చూలు ఇంకా పైకి కనబడటం లేదు కదా అని రెండో, మూడో నెలల్లో మేత తగ్గించాను. చివర్లో దాణాకు లోటు చేయలేదు, తల్లులు తేరుకున్నాయి కూడా. పిల్లలు మాత్రం అరచేతిలో పట్టేలా పుట్టాయి. కారణం మాయ, అంటే గర్భంలో పిల్లను తల్లికి కలిపే భాగం. అది సూడికాలంలో దాదాపు 30వ రోజు నుంచి 90వ రోజు వరకే జోరుగా పెరుగుతుంది. తల్లి తిన్నది పిల్లకు చేరే దారి అదొక్కటే. ఆ దారి ఇరుకైపోయాక ఎంత పోసినా కొంతే అందుతుంది. పైగా కండపోగుల సంఖ్య పుట్టకముందే దాదాపు ఖాయమైపోతుంది. తర్వాత మేపితే పోగులు లావెక్కుతాయి, సంఖ్య పెరగదు.

దాటే (పొట్టేలుతో కలిసే) సమయానికే చిక్కి ఉన్న గొర్రెలకు ఈ నష్టం ఎక్కువ. ఒళ్లున్నవి కాస్త తగ్గినా తట్టుకుంటాయి. అందుకే దాటించే ముందు ఒకసారి, 90వ రోజు దగ్గర ఒకసారి నడుము తడమండి. ఈ మధ్యలో స్కోరు అర పాయింటుకు మించి పడిపోనివ్వద్దు. ఇంకా తానే ఎదుగుతున్న తొలిచూలు పడుచు గొర్రెను మాత్రం మొదటి నెలల్లో అతిగా మేపకండి. తిండి దాని ఒంటికే పోయి మాయ చిన్నదవుతుంది.

మేత బాగున్నా చిక్కుతుంటే పళ్లు చూడండి, పేడ పరీక్ష చేయించి నట్టల మందు వేయండి. పుట్టిన పిల్లకు మెడ వాస్తే అయోడిన్ లోపం, వెనక కాళ్లు తూలితే రాగి లోపం కావచ్చు. ఇవి అరుదు, డాక్టరుకు చూపించండి.

చిన్న పిల్ల ఇప్పటికే పుట్టేసి ఉంటే ఒళ్లు తుడిచి, వెచ్చగా ఉంచి, మొదటి రెండు గంటల్లోనే కిలో బరువుకు 50 మి.లీ. జున్నుపాలు తాగించండి.